ఇంకో మూత పోయనా?

బస్సుల షెడ్డుల్లో కొత్తగా పనికి చేరే పిల్లలకు నేను చెప్పగలిగినవి రెండే మాటలు. డీజిల్ కన్నా ముందు మందు పోయాలి. మందు పోసే ముందు, పక్కనున్నవాడు ఫోనులో మాట్లాడుతున్నాడేమో చూసుకోవాలి. మొదటి మాట బండ్లు బాగుచేసే మా మేస్త్రీ నేర్పాడు. రెండోది నాకు నేనే నేర్చుకున్నాను. దానికి ఒక పొద్దుటి పూట పట్టింది, ఒక మనిషి కొలువు పోయినంత పనైంది.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. నా మాటలను పుస్తకం భాషలోకి మారుస్తానంది. మార్చుకోమన్నాను. కానీ మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. ఈ కథంతా ఒక మాట మీదే నడిచింది కాబట్టి.

మా ఆయన లారీ నడిపేవాడు. లారీ తాగినదానికన్నా ఆయన ఎక్కువ తాగేవాడు. పోయాడు. ఆయన పోయాక సాతంరాయి దగ్గర బెంగుళూరు రోడ్డు మీదున్న బస్సుల షెడ్డులో పనికి కుదిరాను. విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే ఒక కంపెనీకి ఆ షెడ్డు బస్సులు తిరిగేవి. తెల్లారి మైలార్‌దేవ్‌పల్లి వైపు పోయి పనివాళ్లను ఎక్కించుకుని, విమానాశ్రయం గేటు లోపల దించి రావడం వాటి పని. మొదట బస్సులు కడిగాను. మోకాళ్లు మొరాయించాక నన్ను డీజిల్ పోసే చోట నిలబెట్టారు.

ఆ బస్సులు పాతవి. గేటు దగ్గర చెకింగ్ వరసలో నిలబడి నిలబడి నల్లటి పొగ వదిలేవి. ఆ పొగ లోపలున్న పెద్దవాళ్ల కార్ల మీద వాలుతోందని కంపెనీ నుంచి మాట వచ్చింది. అప్పుడు మా ఓనరు డబ్బాల్లో ఏదో ద్రవం తెప్పించాడు. డీజిల్లో కలపాలట. డబ్బా మీద పేరు ఇంగ్లీషులో ఉంది. ఆ పేరు ఎవరూ పలకలేదు, పలకాలని ఎవరికీ తోచనూ లేదు. చేనుకు కొట్టేది మందు, జ్వరానికి మింగేది మందు, సాయంత్రం తాగేది మందు. బండిలో పోసేదానికి ఇంకో పేరు ఎక్కడినుంచి వస్తుంది? మొదటి రోజు నుంచే అది మందు.

దాని సంగతి మేస్త్రీ నాకు విడమరిచి చెప్పాడు.

"అక్కా, డీజిల్ సన్న బెజ్జాలకెళ్లి ఇంజన్‌లకు చిమ్ముతది. ఆ బెజ్జాలకు మసి పడితే డీజిల్ మంచిగ కాలది, పొగొస్తది. ఈ మందు ఆ మసిని కడుగుతది. గంతే."

"ముందుగాల పొయ్యాల్నా, ఎనక పొయ్యాల్నా?"

"నువ్వు చాయ్‌ల చక్కెర ఎప్పుడేస్తవ్?"

"ముందుగాలనే ఏస్త. మీదికెళ్లి చాయ్ పోస్తే అదే కలుస్తది."

"ఇంక నన్నెందుకు అడుగుతున్నవ్?"

అలా నాకు పని వచ్చేసింది. డబ్బా మూతే కొలత. బండికి ఇన్ని మూతలని మేస్త్రీ చెప్పాడు, అన్నే పోసేదాన్ని. కానీ డ్రైవర్లు ఊరుకునేవాళ్లు కాదు. మావాళ్లంతా చేలల్లోంచి వచ్చినవాళ్లు. పురుగు చావకపోతే మందు ఇంకాస్త కొట్టాలన్నది వాళ్లు పుట్టుకతో నేర్చిన చదువు. "అక్కా, నా బండికి ఇంకో మూత, నీ కాళ్లు మొక్కుత" అని రోజూ ఎవడో ఒకడు బతిమాలేవాడు. ఎక్కువ పోస్తే మేలు కాదు, బండి ఇంకా పొగ కక్కుతుందని మేస్త్రీ అరిచేవాడు. ఒక డ్రైవరైతే ఇంజన్ మార్చాల్సిన బండికి కూడా మందుతోనే నయం చేయిస్తానని పట్టుబట్టాడు. దానికి మేస్త్రీ అన్న మాట ఇప్పటికీ షెడ్డులో చెప్పుకుంటారు: "మందు రోగానికిరా, ముసలితనానికి గాదు."

ఇక పెద్ద డ్రైవరు సంగతి. వయసులో అందరికన్నా పెద్దవాడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు లారీ నడిపాడు. మా ఆయనకు రోడ్డు మీద తోడు, దాబాలోనూ తోడు. మా ఆయన పోయిన తర్వాత ఎందుకో ఈయన తాగుడు మానేశాడు. మైలార్‌దేవ్‌పల్లిలో చర్చికి పోవడం మొదలుపెట్టి, బాప్తిస్మం తీసుకుని, లారీ దిగి మా షెడ్డులో బస్సెక్కాడు. ఆయన భార్య చెప్పేది: తాగే రోజుల్లో తాగలేదని ఆమె మీద, పిల్లల మీద, ఎదురుగా ఏది కనబడితే దాని మీద ఒట్టు పెట్టేవాడట. ఒకసారి గ్యాస్ సిలిండరు మీద కూడా పెట్టాడట. మందు మానేసిన రోజే ఒట్టు కూడా మానేశాడు.

"నా ఒట్లన్నీ అయిపోయినయక్కా. మొత్తం వాడేసిన" అనేవాడు.

అప్పట్లో మా సూపర్‌వైజరు ఒక కొత్త పద్ధతి పెట్టాడు. డ్రైవర్లలో రాయడం వచ్చినవాళ్లు తక్కువ. అందుకని బండి తీసే ముందు ప్రతి డ్రైవరూ ఫోనులో షెడ్డు గ్రూపుకి నోటితో చెప్పి పంపాలి: మందు పోసిన, డీజిల్ పోసిన, బండి తీస్తున్న. ఆ మాట వినబడందే బండి కదిలినట్టు కాదు. కంపెనీ వాళ్లకు కూడా ఒక గ్రూపు ఉంది. అందులో బస్సెక్కే పనివాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు, మన డ్రైవర్లు ఉంటారు. రెండు గ్రూపులకూ బొమ్మ ఒకటే, పసుపు రంగు బస్సు. చదవడం రానివాడికి బొమ్మే పేరు.

ఆ రోజు పొద్దున పెద్ద డ్రైవరు బండి నా దగ్గర ఆగింది. నేను మూతతో కొలిచి పోస్తున్నాను. ఆయన ఫోనులో పసుపు బస్సు బొమ్మ మీద వేలు పెట్టి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ మాటలను ఎంతమంది ఎన్నిసార్లు వినిపించారంటే, అవి నాకు పాటలాగా కంఠతా వచ్చాయి.

"అన్నా, మందు పోసుకున్న. ఇగ బండి తీస్తున్న. పొద్దుగాల ఇది లోపల పడకపోతే ముందలికి కదులుడే లేదు, దమ్మే వస్తలేదు."

వెనకనుంచి నా గొంతు: "తమ్మీ, ఇంకో మూత పోయనా?"

"సాలక్కా, సాలు. మొన్న ఎక్కువైతే ఆరాంఘర్ దాకా కక్కుడే కక్కుడు."

అంతే. ఫోను జేబులో పెట్టుకుని, డీజిల్ పోయించుకుని వెళ్లిపోయాడు.

మైలార్‌దేవ్‌పల్లిలో బస్సు ఆపి తలుపు తెరిస్తే ఒక్కరూ ఎక్కలేదట. అందరూ ఫోను చూస్తారు, ఈయన మొహం చూస్తారు, మళ్లీ ఫోను చూస్తారు. బందు ఏమైనా ఉందేమో అనుకున్నాడట. అప్పుడు రోజూ ముందు సీట్లో కూర్చునే పిల్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, జర కిందికి దిగు."

"ఎందుకమ్మా?"

"మంచిగ చెప్తున్న, దిగన్నా. తాగి బస్సు నడుపుడేంది?"

"ఎవరు తాగిండ్రు?"

"నువ్వే చెప్పినవ్ గదా!"

కంపెనీ గ్రూపులో పడ్డ ఆయన గొంతు ఆయనకే వినిపించారు. "అది విన్నంక నాకే నా మీద అనుమానమొచ్చిందక్కా" అని తర్వాత నాతో అన్నాడు. అది బండి మందని చెబితే, "ఆ, మా నాయన గూడ గట్లనే అంటడు" అని వెనకనుంచి ఎవడో అన్నాడట.

ఇంకో బస్సు వచ్చి వాళ్లను తీసుకుపోయింది. సెక్యూరిటీ ఆఫీసరు మా సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, ఆ డ్రైవర్ని, ఆ వెనక గొంతు ఎవరిదో ఆమెను కూడా వెంటనే తీసుకురమ్మన్నాడు. సూపర్‌వైజరు నోటికి దస్తీ అడ్డం పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, నడువు. నీ గొంతు గూడ ఉంది అందుల."

"అది బండి మందని నీకెరుక లేదా సారూ?"

"నాకెరుకనే. కాని వాడు పాత తాగుబోతు గదా. బండికింత పోసి, వాడింత పోసుకున్నడో ఏమో. నేనెందుకు నడిమిట్ల మాటిస్త?"

ఆఫీసరు గది విమానాశ్రయం గేటు పక్కనే ఉంది. చల్లగా ఉంది. ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు, తిట్టినా అండీ అంటాడు. పక్క బల్ల దగ్గర ఒక శంషాబాద్ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తాగినవాళ్లను పట్టే ఊదే మిషను ఉందిగానీ ఛార్జింగ్ లేదు. దాన్ని గోడకు తగిలించి, అది నిండేలోపు అడగాల్సినవి అడుగుతానన్నాడు ఆఫీసరు. సూపర్‌వైజరు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, దస్తీ తీయకుండా.

ముందు నన్నే అడిగాడు.

"అమ్మా, మీరు చేసే పనేమిటండి?"

"మందు పోస్త సార్."

"ఎవరికి?"

"అందరికి సార్. వచ్చినోళ్లకు వచ్చినట్టు."

"రోజూనా?"

"రోజు సార్. పొద్దుగాలనే. ఎండెక్కినంక పోస్తే ఏం ఫాయిదా?"

"ఇలా పోయమని మీకు ఎవరు చెప్పారు?"

"మీరే సార్. మీ కంపెనీ దిక్కెళ్లే మాట వచ్చిందంట."

ఆఫీసరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కంప్యూటరు అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వే మాట ఏం కనబడలేదు. అడిగినదానికి చెప్పాను.

"సార్, అది బండికి పోసే మందు" అన్నాడు పెద్ద డ్రైవరు. "డీజిల్ల కలుపుతరు."

"మరి కక్కడం ఏమిటండి?"

"బండే సార్. పొగ."

"బండి కక్కుతుందా?"

"కక్కుతది సార్."

 నిజం చెప్పాలంటే ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఒక బస్సెడు మనుషుల ప్రాణాలు తన మీద ఉన్నాయి. ఒక మనిషి తన నోటితోనే చెప్పుకున్న మాట ఫోనులో ఉంది. ఆ మనిషి ఒకప్పుడు తాగేవాడని తానే ఒప్పుకుంటున్నాడు. అందుకని న్యాయంగానే అడిగాడు.

"సరేనండి. మిషను నిండేలోపు మీరే ప్రమాణం చేసి చెప్పండి, ఈ రోజు తాగలేదని. చెబుతారా?"

పెద్ద డ్రైవరు నేల చూశాడు.

"ఒట్టు పెట్టను సార్."

"ఎందుకని?"

"పెట్టను సార్. మిషను నిండనీయుండ్రి."

 ఒట్టు పెట్టని మనిషిని లోకం ఏమనుకుంటుందో నాకు తెలుసు. ఆఫీసరు కూడా అదే అనుకున్నాడు. చెయ్యి చాపి, పెద్ద డ్రైవరు మెడలోని పాసు ఇమ్మన్నాడు. తీసుకుని సొరుగులో పెట్టాడు.

ఆ పాసు లేకపోతే ఆ గేటు లోపలికి బండి పోనివ్వరు. బండి పోకపోతే షెడ్డులో కొలువు లేదు. ఈ వయసులో ఆయనకు దొరికేది మళ్లీ లారీయే. లారీ అంటే దాబా. దాబా అంటే మళ్లీ ఆ మందే, బండిది కాదు. ఆ దారి ఎక్కడిదాకా పోతుందో నా ఇంట్లో చూశాను. గోడ మీద ఫోటో కూడా ఉంది.

అంతలో ఆయన ఫోను మోగింది. భార్య. ఆ మాటలు అప్పటికే ఇంటిదాకా పోయాయి. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది.

"ఎత్తు తమ్మీ" అన్నాను.

"ఎత్తి ఏం చెప్పాలక్కా? తాగలేదని చెప్పాలె. ఆ మాట ఆమెకు తాగినప్పుడల్ల చెప్పిన."

మళ్లీ మోగింది. ఆయన చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడుగానీ ఎత్తలేదు.

మిషనులో పచ్చ లైటు వెలిగింది. ఆఫీసరు గొట్టం తగిలించి ఇచ్చాడు. పెద్ద డ్రైవరు కళ్లు మూసుకుని, టైరులో గాలి కొట్టినట్టు ఊదాడు. సున్నా.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆఫీసరు పీల్చుకోలేదు. మిషనును తిప్పి చూశాడు.

"ఇది పనిచేస్తోందంటావా?" అని కంప్యూటరు అమ్మాయిని అడిగాడు.

"ఏమో సార్, చాలా రోజులైంది వాడక."

గొట్టం మార్చి ఆయనే ఊదాడు. సున్నా. ఆ అమ్మాయి ఊదింది. సున్నా. నన్ను కూడా ఊదమన్నారు. నా జన్మలో అలాంటిది ఊదుతానని అనుకోలేదు. పీపీలా కూస్తుందేమోనని భయపడుతూ ఊదాను. సున్నా. మా ఆయన బతికుండి ఊదితే ఆ మిషను పేలిపోయేది, అప్పుడే తేలిపోయేది. కానీ ఆయన లేడు.

"అందరికీ సున్నాయే చూపిస్తోంది. పాడైనట్టుందండి" అన్నాడు ఆఫీసరు. "దీన్ని నమ్మి నేను పాసు తిరిగి ఇవ్వలేను."

పెద్ద డ్రైవరు సొరుగు వైపు ఒకసారి చూసి, లేచి నిలబడ్డాడు. లారీ ఎక్కడానికి లేచినట్టే అనిపించింది నాకు. ఇక నేను ఊరుకోలేకపోయాను.

"సార్, ఇంకొక్క మనిషి మిగిలిండు. ఆయన ఊదలే" అన్నాను, గుమ్మం వైపు చూపించి.

నేను ఏదో కనిపెట్టి అన్నానని అనుకోకండి. ఇంకో మనిషి ఊదేంతసేపన్నా ఆ సొరుగుకు తాళం పడకుండా ఉంటుందని, అంతే.

"నేనెందుకక్కా? నేను బండి నడపను గదా" అన్నాడు సూపర్‌వైజరు దస్తీలోంచి.

"పర్వాలేదు, ఊదండి. మిషను సంగతి చూద్దామని" అన్నాడు ఆఫీసరు, మర్యాదగా.

ఊదాడు. మిషను కూత పెట్టింది. పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. ఎర్ర లైటు ఆగలేదు. ఆఫీసరు ఏ మీట నొక్కినా ఆగలేదు. చివరికి ఆ అమ్మాయి దాన్ని వెనక్కి తిప్పి ఏదో పీకితే ఆగింది.

మిషను బాగానే ఉందని అలా తేలింది.

"దగ్గు సార్" అన్నాడు సూపర్‌వైజరు. "దగ్గు మందు తాగిన. నా పిల్లల మీద ఒట్టు సార్. దగ్గు మందే."

ఆఫీసరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మీ షెడ్డులో ఇంకా ఎన్ని మందులున్నాయండీ బాబూ?"

దగ్గు మందుకు మిషను అంతలా కూస్తుందో లేదో నాకు తెలియదు. దానికి నేను సాక్షిని కాను. కానీ సూపర్‌వైజరు చెయ్యి చాపి పిల్లల మీద ఒట్టు పెడుతున్నప్పుడు పెద్ద డ్రైవరు మొహం చూశాను. కోపం లేదు. తన పాత చొక్కా ఇంకొకరి ఒంటి మీద కనబడితే ఎలా చూస్తామో అలా చూశాడు.

ఆఫీసరు సొరుగు తీసి పాసు ఇచ్చాడు. క్షమించండి అని కూడా అన్నాడు. పెద్ద డ్రైవరు దాన్ని మెడలో వేసుకుని, మోగుతున్న ఫోను నా చేతికిచ్చాడు.

"నువ్వు చెప్పక్కా."

"వదినా, నేను" అన్నాను. "మిషనుల ఊదిండు. సున్నా వచ్చింది."

 ఆమె అడిగింది: "మిషను మంచిదేనా?"

"మంచిదే. ఇంకొకాయన ఊదితే కూత పెట్టింది."

ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. ఫోను ఆయనకిచ్చేశాను.

తిరిగి వస్తూ బస్సులో మేమిద్దరమే ఉన్నాం, నేను గింజుకున్నాను. "ఓనరుకు చెప్పాలె తమ్మీ. తన వాసన దాచుకుంటందుకు నీ కొలువు తీయబోయిండు. ఒక్క మాటన్న మాట్లాడిండా?"

"ఏం మాట్లాడతడక్కా? నోరు తెరిస్తే వాసనొస్తది గదా" అన్నాడు. కాసేపు నడిపాక మళ్లీ అన్నాడు: "ఆ ఒట్టు నాకెరుక. అది పెట్టినంక ఇంటికి పోవుడు ఎంత కష్టముంటదో గూడ ఎరుక. ఓనరుకు చెప్పకు."

చెప్పలేదు.

ఆ వారం కంపెనీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఫోనులో ఎవరూ మందు అనకూడదు, అడిటివ్ అనాలి. మా డ్రైవర్లు దాన్ని రెండు రోజులు నమిలారు. అడిటివ్ కాస్తా ఆడి టీవీ అయింది, ఆ తర్వాత ఉట్టి టీవీ అయింది. "అక్కా, నా బండికి టీవీ పోసినవా? ఇంకో మూత పొయ్యరాదే!" నేను పని మానేసే దాకా అదే పేరు. పసుపు బస్సు బొమ్మ మీద తప్పుగా వేలు పెట్టి, టీవీ పోసుకున్నామని కంపెనీ గ్రూపులో చెప్పినవాళ్లు తర్వాత కూడా ఉన్నారు. ఎవరూ బస్సు దిగలేదు, ఎవరూ పాసు తీసుకోలేదు. ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియకపోవడమే మేలైంది.

ఒక ఆదివారం బస్సులు తక్కువ. షెడ్డు గేటు దగ్గర కూర్చుని మూతలు కడుగుతున్నాను. పెద్ద డ్రైవరు తెల్ల చొక్కా వేసుకుని స్కూటరు మీద మైలార్‌దేవ్‌పల్లి వైపు పోతున్నాడు. వెనక సీట్లో సూపర్‌వైజరు కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. చేతిలో దస్తీ లేదు. నన్ను చూసి ఎటు చూడాలో తెలియక స్కూటరు టైరు వైపు చూశాడు.

ఎక్కడికని నేను అడగలేదు. ఏదో ఒకటి అడగకపోతే బాగుండదని, "సారూ, దగ్గు తగ్గిందా?" అన్నాను.

ఒట్టు పెట్టలేదు.

"తగ్గుతదక్కా" అన్నాడు. "జర రోజులు పడ్తది."